బోరు మోటారు మధ్యలో ఆగిపోవడం (కర్నూలు, కడప ప్రాంతం)

నిర్వచనం, పరిధి

ఇంటి బోరుబావిలో దించిన సబ్‌మెర్సిబుల్ మోటారు స్విచ్చి వేయగానే తిరగడం మొదలుపెట్టి, ట్యాంకు నిండకముందే తనంతట తాను ఆగిపోవడాన్ని వాడుకలో ‘ట్రిప్పు కావడం’ అంటారు. కొన్ని మోటార్లు రెండు మూడు సెకన్లలోనే ఆగిపోతాయి, కొన్ని పావుగంట నీళ్లిచ్చాక ఆగుతాయి. కరెంటు ఉన్నా ఏ చప్పుడూ చేయని మోటారు, గంటల తరబడి తిరిగినా నీళ్లు ఎక్కించని మోటారు వేరే లోపాల కిందికి వస్తాయి. పాత కర్నూలు, కడప జిల్లాల్లో, అంటే 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజన తర్వాత కర్నూలు, నంద్యాల, కడప, అన్నమయ్య జిల్లాల్లో సర్దుకున్న నేలలో, ఈ సమస్యకు ప్రత్యేకమైన కారణాలు ఉన్నాయి. మోటారు ఆగినప్పుడు చాలా ఇళ్లలో తోచే మొదటి మాట ‘కాయిల్ కాలిపోయింది, పైకి తీయాల’ అన్నది. కానీ ఎక్కువ సందర్భాల్లో మోటారును ఆపేది గోడ మీది పెట్టెలో ఉన్న రక్షణ పరికరం. ఏ పరికరం ఆపింది, ఎంతసేపటికి ఆపింది, ఆగేముందు మీటరులో ఎన్ని ఆంపియర్లు కనిపించాయి అన్న మూడు సంగతులు తెలిస్తే, లోపం నీటిలో ఉందా, కరెంటులో ఉందా, యంత్రంలో ఉందా అన్నది మోటారును కదిలించకుండానే చాలావరకు తేలుతుంది. ఈ ప్రాంతపు నేల, నీరు, సరఫరా తీరు చూస్తే నీటినీ కరెంటునూ ముందు పరీక్షించి, యంత్రాన్ని చివర అనుమానించడమే సరైన క్రమం.

చారిత్రక నేపథ్యం

రాయలసీమలో బావి నీటిని పైకి తెచ్చింది మొదట కపిల. ఎద్దులు వాలుబాటలో దిగుతుంటే తోలుబాన పైకొచ్చేది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేశుల ఆనకట్ట నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వినా, దాని ఆయకట్టు బయట ఉన్న ఊళ్లకు బావే ఆధారంగా మిగిలింది. తర్వాత ఆయిలింజన్లు, వాటి వెనకే గట్టున కూర్చునే కరెంటు మోటార్లు వచ్చాయి. గట్టు మీది పంపు నీటిని పీల్చి తీసుకోవాలి. గాలి ఒత్తిడి నీటిని ఎత్తగల గరిష్ఠ ఎత్తు లెక్క ప్రకారం సుమారు 10.3 మీటర్లు, ఆచరణలో ఏడెనిమిది మీటర్లకు మించదు. నీటిమట్టం అంతకంటే కిందికి పోయిన చోట పంపే నీటిలోకి దిగాల్సి వచ్చింది. నీటిలో మునిగి పనిచేసే మోటారు పంపును రష్యా సామ్రాజ్యంలో పుట్టిన ఇంజనీరు అర్మాయిస్ అరుటునోఫ్ రూపొందించి, 1920ల చివరలో అమెరికా చమురు బావుల్లో వాడుకలోకి తెచ్చాడు. భారతదేశంలో మోటార్లు, పంపుల తయారీకి కోయంబత్తూరు కేంద్రమైంది. తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో అక్కడ తయారుచేసిన మోటారును దేశంలో తొలి స్వదేశీ విద్యుత్ మోటారుగా చెబుతారు. రాయిని తొలిచే రిగ్గు లారీలకు తమిళనాడులోని తిరుచెంగోడు పేరుపొందింది. 2004లో నాటి ముఖ్యమంత్రి, కడప జిల్లాకు చెందిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలు చేశారు. ఇలా బోర్లు పెరిగిన నేలలో ఇంటి బోరూ పొలం బోరూ ఒకే రాతి పొరల నీటిని పంచుకుంటాయి. అందుకే ఇంటి మోటారు ఆగిపోవడాన్ని ఆ ఇంటికే పరిమితమైన లోపంగా చూస్తే కారణం సగమే దొరుకుతుంది.

నేల, నీరు (చూ. భూగర్భజలం, కడప శిలావరణం)

కర్నూలు జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 670 మి.మీ., కడపలో సుమారు 700 మి.మీ. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు గ్రానైటు జాతి రాళ్లు ఉన్నాయి. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు సున్నపురాయి, పలకరాయి, క్వార్ట్‌జైటు పొరలు ఉన్నాయి. బెలుం గుహలు ఏర్పడింది ఈ సున్నపురాతిలోనే. ఇలాంటి గట్టి రాతిలో నీరు రాయంతటా నిండి ఉండదు, నెర్రెల్లోనే ఉంటుంది. పైనున్న మెత్తటి నేల వరకు కేసింగు పైపు దించి, కింద రాతిని ఒట్టిగానే వదిలేస్తారు. ఆరున్నర అంగుళాల బోరులో ఒక్కో అడుగుకు పట్టే నీరు సుమారు 6.5 లీటర్లు. మోటారు పైన వంద అడుగుల నీరు నిలిచి ఉందంటే నిల్వ 650 లీటర్లు మాత్రమే. నిమిషానికి 40 లీటర్లు తోడే పంపుకు నెర్రెల నుంచి నిమిషానికి 15 లీటర్ల ఊట వస్తుంటే, నిల్వ నిమిషానికి 25 లీటర్ల చొప్పున తగ్గి 26 నిమిషాల్లో అయిపోతుంది. ఊట పూర్తిగా ఆగితే 16 నిమిషాలు చాలు. మార్గశిరంలో గంటసేపు తిరిగిన మోటారు వైశాఖంలో ఇరవై నిమిషాలకే ఆగడానికి ఈ లెక్క సరిపోతుంది. మోటారు అదే, పంపు అదే, మారింది ఊట ఒక్కటే.

నిర్మాణం, పనితీరు

ఇళ్లలో ఎక్కువగా వాడేవి అర హెచ్‌పీ నుంచి రెండు హెచ్‌పీ వరకు ఉండే సింగిల్ ఫేజ్ మోటార్లు. పొడవాటి స్తంభంలాంటి ఈ యంత్రంలో అడుగున మోటారు, దానిపై జాలీ, ఆపైన ఒకదానిపై ఒకటి పేర్చిన ఇంపెల్లర్లు ఉంటాయి. హెచ్‌డీపీఈ పైపు గానీ ఇనుప పైపులు గానీ దాన్ని పట్టుకుని ఉంటాయి, పక్కనే భద్రత కోసం తాడు, బల్లపరుపు కేబులు దిగుతాయి. కేబులులోని మూడు తీగలు రన్నింగ్, స్టార్టింగ్, కామన్. పైన పెట్టెలో కెపాసిటర్, ఓవర్‌లోడ్ రిలే, ఎంసీబీ, వోల్టు మీటరు, ఆంపియరు మీటరు ఉంటాయి. మోటారును చల్లబరిచేది దాని ఒంటిని రాసుకుంటూ పైకి పోయే బోరు నీరే. లోపల నీరు నింపి వాడే రకాల్లో బేరింగులకు కందెన కూడా నీరే. కాబట్టి నీరు తగ్గిన బోరులో మోటారుకు పని తేలికైనట్టు కనిపించినా, ప్రమాదం ఎక్కువవుతుంది.

రక్షణ పరికరాలు ఒక్కోటి ఒక్కో ప్రమాదాన్ని కనిపెడతాయి. ఎంసీబీ షార్టు సర్క్యూట్‌కు క్షణంలో స్పందిస్తుంది. ఓవర్‌లోడ్ రిలే లోపలి రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగడానికి సమయం తీసుకుంటుంది. నేలకు లీకయ్యే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు చేరేలోపే ఇంటి ఆర్‌సీసీబీ తెగుతుంది. డ్రై రన్ ప్రివెంటర్ ఆంపియర్లు మరీ తగ్గితే ఆపుతుంది. ఇక్కడ తరచూ పొరపాటు జరిగే చోటు ఒకటి ఉంది. సెంట్రిఫ్యుగల్ పంపు నీరు తోడనప్పుడు తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఎక్కువ కరెంటుకు మాత్రమే స్పందించే ఓవర్‌లోడ్ రిలే ఎండిన బోరులో తిరిగే మోటారును గుర్తించలేదు. ఓవర్‌లోడ్ ఉంది కదా అని డ్రై రన్ రక్షణ పెట్టని పెట్టె రాయలసీమ వేసవికి చాలదు.

ఆగిపోయే తీరులు

ఆగే సమయాన్ని బట్టి ఈ సమస్యను నాలుగు రకాలుగా విడదీయవచ్చు. స్విచ్చి వేసిన క్షణంలోనే ఎంసీబీ లేదా ఆర్‌సీసీబీ పడిపోతే అనుమానించవలసింది తీగ జాయింటులోకి దూరిన నీరు, తెగిన ఇన్సులేషన్, కాలిన వైండింగ్. మోటారు గుంయ్‌మని మూలిగి కొన్ని సెకన్లలో ఓవర్‌లోడ్ పడితే షాఫ్టు తిరగడం లేదని అర్థం. బలం కోల్పోయిన కెపాసిటర్, బాగా పడిపోయిన వోల్టేజీ, ఇసుకతోనో సున్నపు పెచ్చుతోనో పట్టేసిన ఇంపెల్లర్ దానికి కారణాలు. కదలని మోటారు మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది, అందుకే రిలే త్వరగా స్పందిస్తుంది. కొన్ని నిమిషాలు తిరిగాక ఎక్కువ ఆంపియర్లు చూపిస్తూ ఆగితే వోల్టేజీ తక్కువై ఉండాలి, లేదా బేరింగు అరిగి ఉండాలి. పావుగంట, అరగంట బాగా నీళ్లిచ్చి, ధార సన్నబడి, గాలి బుడగలతో కక్కుతూ, ఆంపియర్లు తగ్గి ఆగితే బోరు తాత్కాలికంగా ఖాళీ అయినట్టే. నామఫలకం మీద 7 ఆంపియర్లు రాసి ఉన్న మోటారు ఆగేముందు 5 చూపితే నీటి వైపు, 9 చూపితే కరెంటు లేదా యంత్రం వైపు వెతకాలి. రెండు మోటార్లూ బయటికి ఒకే రకంగా ఆగినట్టు కనిపిస్తాయి, కానీ వాటికి చేయవలసిన పనులు పూర్తిగా వేరు.

కరెంటు సంబంధ కారణాలు (చూ. వోల్టేజీ; విద్యుత్ పంపిణీ)

ఇంటి సరఫరాకు నిర్దేశించిన వోల్టేజీ 230. దానికి ఆరు శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 వరకు హద్దు. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ 184కు, అంటే ఐదో వంతు తగ్గితే, బలం 64 శాతానికి పడిపోతుంది. మోయాల్సిన నీటి బరువు మాత్రం తగ్గదు కాబట్టి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఇళ్లూ పొలాలూ ఉన్న చోట, పొలం మోటార్లన్నీ ఒకేసారి మొదలయ్యే వేళ ఇంటి వోల్టేజీ తగ్గుతుంది. ఉదయం ఆగే మోటారు రాత్రి పదింటికి నిరాటంకంగా తిరిగితే మోటారు బాగానే ఉందనడానికి అదే బలమైన సాక్ష్యం.

మీటరు దగ్గరి వోల్టేజీ సరిగా ఉన్నా బోరు అడుగున సరిగా ఉండకపోవచ్చు. ఐదు వందల అడుగుల, అంటే సుమారు 150 మీటర్ల లోతుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేస్తే, పోయి వచ్చే 300 మీటర్ల తీగ నిరోధం దాదాపు 3.6 ఓములు. 8 ఆంపియర్లు పారేటప్పుడు అందులోనే 29 వోల్టులు పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబులైతే నష్టం 18 వోల్టుల దగ్గర ఆగుతుంది. నీటిమట్టం పడిపోతోందని మోటారును మరో వంద, రెండు వందల అడుగులు దించి, పాత సన్న తీగకే జాయింటు వేసి పొడిగించిన ఇళ్లలో ఈ నష్టం ఎక్కువగా ఉంటుంది. నీటి కోసం దించిన మోటారు అలా కరెంటు సమస్యలో పడుతుంది. త్రీ ఫేజ్ మోటార్లలో ఒక ఫేజు పోతే మిగిలిన రెండు తీగల్లో కరెంటు 1.7 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆగి ఉన్న మోటారు మూలుగుతుందే తప్ప కదలదు. దీనికి సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పనిసరి. ఈ ప్రాంతంలో సరఫరా చేసేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. సరఫరా లోపం తేలితే 1912కు ఫిర్యాదు చేయడమే మరమ్మతు.

పరిశీలన క్రమం

పరీక్ష పైనుంచి కిందికి, చౌక నుంచి ఖరీదుకు సాగాలి. మొదట స్విచ్చి వేసి ఆగే వరకు సమయం, వోల్టులు, ఆంపియర్లు రాసుకోవాలి. ఇదే పరీక్షను ఇంకో పూట, వీలైతే బోరు కొన్ని గంటలు ఊరిన తర్వాత, మళ్లీ చేయాలి. తర్వాత మెయిన్ ఆపేసి, కెపాసిటర్‌లో నిలిచిన కరెంటును ఇన్సులేషన్ ఉన్న నిరోధకంతో తీసేసి, పెట్టెలో నల్లబడిన స్క్రూలు, వదులైన తీగలు, ఉబ్బిన కెపాసిటర్ ఉన్నాయేమో చూడాలి. కెపాసిటర్ విలువ దాని మీద రాసిన అంకెకంటే పది శాతానికి మించి తగ్గితే మార్చాలి. అప్పటికీ తేలకపోతే మోటారు తీగలు మూడింటినీ పెట్టె నుంచి విడదీసి నిరోధాలు కొలవాలి. స్టార్టింగ్–కామన్ నిరోధం, రన్నింగ్–కామన్ నిరోధం కలిపితే స్టార్టింగ్–రన్నింగ్ మధ్య నిరోధం రావాలి. మొదటిది 6, రెండోది 3 ఓములైతే మూడోది 9 ఉండాలి. అలా కుదరకపోతే వైండింగ్‌లోనో జాయింటులోనో లోపం ఉంది. చివరగా 500 వోల్టుల మెగ్గరుతో తీగకూ నేలకూ మధ్య ఇన్సులేషన్ చూడాలి. అది ఒక మెగాఓం కంటే తక్కువైతే మోటారును పైకి తీయడం తప్పదు. కరెంటుతో కూడిన ఈ కొలతలన్నీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయవలసినవి. సమయం, వోల్టులు, ఆంపియర్లు గమనించి రాసిపెట్టడం మాత్రం ఇంట్లో ఎవరైనా చేయగలరు. సగం నిర్ధారణ ఆ కాగితంలోనే ఉంటుంది.

మరమ్మతు పద్ధతులు

నీటి లోపానికి మరమ్మతు బోరు ఊటకు తగినట్టు తోడడం. పైపు మీది గేటు వాల్వును కొంత మూస్తే పంపు తక్కువ నీరు, తక్కువ కరెంటు తీసుకుంటుంది, బోరు ఖాళీ కాదు. టైమరు పెట్టి ఇరవై నిమిషాలు తోడి, గంట ఆపడం మరో మార్గం. నిమిషానికి 15 లీటర్ల ఊట ఉన్న బోరు ఏ పంపు పెట్టినా గంటకు 900 లీటర్లకు మించి నిలకడగా ఇవ్వలేదు. పెద్ద మోటారు ఆ అంకెను మార్చదు, ఖాళీ చేసే వేగాన్నే పెంచుతుంది. ఇసుక, మన్ను చేరిన బోరును కంప్రెసరుతో ఫ్లషింగ్ చేయించాలి. కరెంటు లోపానికి తగిన మందం కేబులు, సరైన కెపాసిటర్, అవసరమైన చోట స్టెబిలైజరు పరిష్కారాలు. యంత్ర లోపం రుజువైనప్పుడే మోటారు తీయాలి. నీరు నింపే రకాలకు ప్లాస్టిక్ పూత తీగతోనూ, నూనె నింపే రకాలకు ఎనామిల్ తీగతోనూ రీవైండింగ్ చేస్తారు. నీటి రకాన్ని తిరిగి దించేముందు గాలి మిగలకుండా శుభ్రమైన నీటితో నింపాలి. పైపులు ఎత్తేటప్పుడు పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడాలి. మోటారు బయట ఉన్నంతసేపూ బోరు మూతిని గట్టిగా కప్పి ఉంచాలి. తెరిచి వదిలిన బోర్లలో పిల్లలు పడిపోతున్నందునే సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది.

అభ్యంతరాలు, సమాధానాలు

రక్షణ పరికరాలు ఊరికే ఆపేస్తాయి, వాటిని తప్పించి నేరుగా కలిపితే మోటారు బాగానే తిరుగుతుంది అన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది. ఇళ్లలో వాడే ఎంసీబీలను సాధారణంగా 30 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసి తయారుచేస్తారు. కర్నూలు మే నెల ఎండలో, గోడకు కొట్టిన ఇనుప పెట్టెలో వేడి అంతకంటే చాలా ఎక్కువ. వేడికి పనిచేసే రిలే అక్కడ రాసిన ఆంపియర్లకంటే తక్కువకే తెగుతుంది. దీనికి మందు పెట్టెను నీడకు మార్చడం, రిలే అమరికను నామఫలకంతో సరిచూడడం. ఊరికే ఆపుతోందన్నది ఆంపియర్లు చూశాకే తేల్చవలసిన సంగతి. రక్షణ తీసేసిన మోటారు తిరగడం దాని ఆరోగ్యానికి రుజువు కాదు, ఎండిన బోరులోని మోటారు కూడా బేరింగు కాలే వరకు తిరుగుతుంది.

అనుభవం ఉన్న మెకానిక్కుకు ఇన్ని కొలతలు అక్కర్లేదన్నది రెండో అభ్యంతరం. మెకానిక్కు చెవికి, చేతికి విలువ ఉంది. మూలుగు విని ఇంపెల్లర్ పట్టేసిందని చెప్పగలిగినవారు ఉన్నారు. అయితే తీగలో పోయే వోల్టులు, సన్నగా లీకయ్యే కరెంటు చెవికి అందవు. ఇంటివాళ్లు రాసిపెట్టిన అంకెలు అనుభవజ్ఞుడి పనిని తగ్గిస్తాయి, ఆయన తీర్పును బలపరుస్తాయి. మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది: ఇంట్లో చుక్క నీళ్లు లేనప్పుడు పరీక్షలకు తీరిక ఎక్కడిది? మొదటి పరీక్షకు పట్టేది మోటారు తిరిగినంత సేపే. లోపం బోరు ఎండడమైతే మోటారు తీసి మళ్లీ దించే రోజంతా వృథా అవుతుంది. అదే రోజు గంటకోసారి ఇరవై నిమిషాల చొప్పున తోడుకుంటే ఇంటి అవసరం తీరుతుంది. నీళ్లు త్వరగా కావాలన్నదే పరీక్ష ముందు చేయడానికి కారణం.

ఇతర దేశాల్లో ఇదే సూత్రం

అమెరికాలో డాలస్, న్యూజెర్సీ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే ప్రశ్న చలికాలంలో ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేసు రూపంలో ఎదురవుతుంది. మంట వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోతే, మంటను కనిపెట్టే సెన్సర్ కడ్డీ మీద పొర పేరుకుందేమోనని ముందుగా చూస్తారు. కొన్ని నిమిషాలు నడిచి ఆగితే, మూసుకుపోయిన గాలి వడపోత వల్ల లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్చి తెగిందని అనుమానిస్తారు. అక్కడా ఆగే సమయమే లోపాన్ని చూపిస్తుంది, రక్షణను తప్పించి నడపడం అక్కడా ప్రాణాపాయం. యంత్రం మారినా నిర్ధారణ పద్ధతి మారదు.

ప్రాముఖ్యం

మోటారును పైకి తీసి దించడానికి మనుషులు, బండి, కూలి కావాలి. లోపం లేని మోటారును తీసినప్పుడు ఆ ఖర్చుకు తోడు పాత జాయింట్లు కదిలి కొత్త లోపాలు పుడతాయి. ఊటకు మించి తోడడం వల్ల ఆగిన మోటారును చెడిందనుకుని పెద్దది దించడం పక్కింటి బోరుకూ ముప్పే. కొత్త బోరుకు అనుమతిని కోరే 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ఉద్దేశం కూడా నీటిని ఉమ్మడి వనరుగా చూడాలన్నదే. డ్రై రన్ రిలే పదేపదే ఆపుతున్న ఇల్లు తన బోరు నిలకడగా ఎంత ఇవ్వగలదో కొలిచి, వాడకాన్ని దానికి సరిపెట్టుకోవాలి. ఇంటి కప్పు నీటిని వడగట్టి నేలలోకి ఇంకించే ఏర్పాటు చేసుకోవాలి. కర్నూలు, కడప నేలలో మోటారు నిలకడగా తిరగడం కింద ఊట, పైన వోల్టేజీ, మధ్యలో తీగ మందం మీద ఆధారపడి ఉంటుంది. ఈ మూడూ సరిచూసిన తర్వాతే తప్పు మోటారుదని తేల్చాలి (చూ. ఇంకుడుగుంత, డ్రై రన్ ప్రివెంటర్, రీవైండింగ్).